పడితే మోగే గంట

"తాతయ్యా, ఈసారి కాస్త నిజంలా పడు!" అంది మనవరాలు, కెమెరా సర్దుతూ.

ముసలివాళ్లు మంచం మీంచి పడితే గంట మోగించే సాఫ్ట్‌వేర్ మనవరాలిదీ, ఆమె మొగుడిదీ. వెబ్‌సైట్‌లో పెట్టే వీడియోలో పడేవాణ్ణి నేను.

"నేను నిజంగా పడితే, భూకంపమని వీధంతా ఖాళీ అవుతుందే!" అంటూ దబ్బున పడ్డాను. గంట ఖంగున మోగింది.

"అదిరింది!" అంటూ ఆమె మొగుడు టీకి వెళ్లాడు.

సరదాకి మళ్లీ పడ్డాను. గంట మోగలేదు.

"గంట మోగించే మీట మా ఆయన జేబులో ఉంది తాతయ్యా. అసలుది ఇంకా తయారవలేదు. ఈ వీడియో చూసి ఆసుపత్రివాళ్లు కొంటేనే మా కంపెనీ నిలబడేది."

"నేనూ కోతలు కోశానమ్మా. పులిని చెవి పట్టుకు తిప్పానన్నాను. కానీ నన్ను నమ్ముకుని ఎవరూ పులి ముందుకి పోలేదు."

ఆమె చెయ్యి చాచింది. "లే తాతయ్యా, నేల చల్లగా ఉంది."

"మీ గంట మోగనీ, లేస్తాను."