తప్పంతా మందుది

గుమ్మంలోకి మందు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. చొక్కా కాలరు తడిసి గుప్పుమంటోంది.

ఆమె పొయ్యి ఆపేసింది. మొగుడు చెప్పులు విడిచి పక్కపక్కన సర్దాడు. కిటికీ మూశాడు. టీవీ సౌండు పెంచాడు. వాచీ విప్పి జాగ్రత్తగా అలమరలో పెట్టాడు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, ఎంత తాగినా వాచీ అంటే ప్రాణం.

“నా మీద మా అమ్మకి చాడీలు చెప్తావా?”

“నేనేం చెప్పలేదండీ...”

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది డొక్కలో. జబ్బ పట్టుకుని గోడకేసి విసిరాడు. కిందపడితే కాలితో కుమ్మాడు. నాలుక తెగి ఆమె నోట్లో రక్తం ఊరింది. మొహం జోలికి మాత్రం రాలేదు. ఎప్పుడూ రాడు. అదొక్కటే తన అదృష్టం అనుకునేది ఆ పిచ్చిది.

పొద్దున్నే లేచి “నాకేం గుర్తులేదే” అంటాడు. అత్తగారు కోడలి వీపుకి కాపడం పెడుతూ “ఆ పాడు మందు పడకపోతే నా కొడుకు బంగారమే తల్లీ” అంటుంది. కోడలూ అదే నమ్ముకుంది. నమ్మకపోతే ఆ ఇంట్లో ఎలా బతకాలి? కొట్టేది మందు, మొగుడు కాదు. మందు మానిపిస్తే మొగుడు మిగులుతాడు.

“లేవ్వే!” అంటూ పిడికిలి విసిరాడు.

ఈసారి ఆమె తప్పుకుంది. పిడికిలి వెళ్ళి తలుపు చెక్కకి తగిలింది. ఎముక పటుక్కుమంది. టీవీని మించి అరిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఆపరేషన్ చెయ్యాలంది.

“మందు అలవాటుందా?”

“లేదు” అన్నాడతను.

ఆమెకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. “అబద్ధం మేడమ్! రోజూ తాగుతారు. ఇవాళా తాగే వచ్చారు.”

దుప్పటి చాటున, బాగున్న చేత్తో ఆమె వేళ్ళు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఆమె పళ్ళు బిగబట్టింది.

“రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వస్తాయమ్మా. మాకు ముందే తెలియాలి. ఆయన చెప్పకపోతే రక్తం చెప్తుంది. మూడు వారాల కిందటి తాగుడైనా సరే, పట్టేస్తాం.”

“నా రక్తం ముట్టుకుంటే చంపేస్తా!” అంటూ ట్రేని తన్నాడు. సూదులు, సీసాలు గోడకి కొట్టుకుని పగిలాయి. నర్సు మోచెయ్యి చీరుకుపోయింది.

“పరీక్ష లేకుండా కత్తి పట్టను” అంది డాక్టరమ్మ. నొప్పికి తాళలేక చివరికి చెయ్యి చాపాడు.

ఎర్రటి రక్తం గొట్టంలోకి ఎక్కుతుంటే ఆమె కళ్ళార్పకుండా చూసింది. దొరికావే మాయదారి మందూ, ఇక నీ పని చెప్తా అనుకుంది. ఎన్నాళ్ళకో ఆమెకి ఏడుపు కాక నవ్వొచ్చింది.

ఫలితం రాగానే డాక్టరమ్మ ఆమెని వరండాలోకి పిలిచింది.

“ఎలాగైనా మందు మానిపించండి మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటా. మందు లేకపోతే మా ఆయన దేవుడే.”

డాక్టరమ్మ ఆమె వాచిన వేళ్ళకేసి చూసింది. జాకెట్టు చేతి కింద నల్లగా కమిలిన చోటుకేసి చూసింది.

“అమ్మా, మీ ఆయన తాగడు.”