నాసరయ్య ఎర్రకళ్లు

పంచాయతీ ఎన్నికల్లో ఓడినప్పటి నుంచి నాసరయ్య రోజూ పొద్దున్నే తన అరుగు మీద కూర్చుని, తనను ఓడించిన ఎదురింటి అంకమ్మరావు వైపు ఎర్రబారిన కళ్లు నిలుపుతున్నాడు. రెండు నెలలు భరించాక అంకమ్మరావుకి ఓపిక పోయింది. కర్ర తీసుకుని వీధి దాటాడు.

"ఏందిరా ఆ చూపు? చంపుతావా?"

అంకమ్మరావు కర్ర ఎత్తి నాసరయ్య ముఖానికి జానెడు దూరంలో ఆపాడు. నాసరయ్య రెప్ప కూడా వేయలేదు.

"బెదరవేందిరా?"

"దేనికి బెదరాలి?"

"నీ మొహం ముందు కర్ర ఉంది."

నాసరయ్య చెయ్యి చాచి గాలిలో తడిమాడు. కర్ర తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అంకమ్మరావు కర్ర దించాడు. "ఎప్పటి నుంచి?"

"చూపు మొత్తం పోయి రెండు నెలలైంది. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. చానా ఆలస్యంగా తెలిసింది. పేటలో డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. అది వేస్తే కంటి మీద సన్న నరాలు వెడల్పయి నెత్తురు ఎక్కువ పారుద్దంట. ఎరుపు అందుకే. పోయిన చూపు మాత్రం రాదన్నాడు." ముఖం పక్కకి తిప్పి, "పో, పోయి మీవాళ్లకి చెప్పుకో. గుడ్డోడని తెలిస్తే నా చేను గట్టు ఎంత లోపలికి జరుపుతారో నాకు తెలుసు" అన్నాడు.

అంకమ్మరావు ఇంటికి వచ్చాడు. సంగతి కనుక్కుందామని వచ్చిన అతని మనుషులు, నాసరయ్య ఏమన్నాడని అడిగారు.

"వాడు దేనికీ లొంగే రకం కాదు" అన్నాడు అంకమ్మరావు. "వాడి జోలికి ఎవరూ పోమాకండి."