వాల్దెసిర్ క్రేన్

డీజిల్ ఫిల్టర్లు మార్చాలి. జనరేటర్లన్నీ ఒకసారి నడిపి చూడాలి. చుక్కాని దగ్గర నూనె కారడం లేదని నిర్ధారించుకోవాలి. పని పూర్తయ్యేదాకా ఇంజను గది వదలకూడదు.

జందీరా అన్నీ చేసింది. అయినా ఇంజన్ల మీంచి చూపు తిప్పలేదు.

ఆమె పనిచేసే సరుకుల ఓడ మకాయె రేవు నుంచి వచ్చి, నడిసముద్రంలో ఉక్కు కాళ్ళ మీద నిలిచిన చమురు ప్లాట్‌ఫాం పక్కన నిలబడింది. లంగరు లేదు, తాడు లేదు. ఇంజన్ల బలం మీదే నిలవాలి. ప్లాట్‌ఫాం మీది క్రేన్ దించిన గొట్టంలోంచి ఓడలోని డీజిల్ పైకెక్కుతోంది.

ఎడమ ఇంజను వేడెక్కసాగింది.

ఆమె ఫోనెత్తింది. "కెప్టెన్ గారూ, గొట్టం విప్పించండి. దూరం జరగాలి."

"మళ్ళీనా?" అమిల్కర్ గొంతు మండింది. "ఇంజను కాస్త వేడెక్కితే చాలు, విప్పు విప్పు అంటావు! పోయినసారి నీ భయానికి సంజాయిషీ ఇచ్చుకుంది నేను. ఈసారి ఆపామంటే మూట సర్దుకో, ఒడ్డున దించేస్తా."

ఇంజనీరుగా ఆమెకిదే మొదటి ఓడ. దించేస్తే ఇంకొకడు ఎక్కించుకోడు. ఊరుకుంటే, ఇంజను ఆగిన మరుక్షణం అలలు ఓడను ప్లాట్‌ఫాం కాళ్ళకేసి కొడతాయి.

ఆమె నోరు తెరిచేలోపే గోడ మీది రేడియో పలికింది. ప్లాట్‌ఫాం పైనుండే క్రేన్ డ్రైవరు వాల్దెసిర్. గొంతే తప్ప ఆమె ఎన్నడూ ముఖం చూడని ముసలాయన.

"ఓడవాళ్ళూ, నా క్రేన్ మొరాయించింది! గొట్టం విప్పించేస్తున్నా. జరగండి, జరగండి!"

కెప్టెన్ తిట్టుకుంటూ ఓడను దూరంగా తీశాడు. కాసేపటికే ఎడమ ఇంజను దగ్గి ఆగిపోయింది.

భయం తీరాక జందీరాకు నవ్వొచ్చింది. రేడియో అందుకుంది.

"ఏం క్రేనయ్యా అది, మీ తాతగారిదా? మ్యూజియంలో పెట్టండి!"

"పెడదాంలే తల్లీ. ముందు నీ ఇంజను చూసుకో."

తర్వాతి ప్రయాణంలో క్రేన్ నుంచి వేరే గొంతు వినిపించింది. సెలవు మీద ఒడ్డుకెళ్ళే ప్లాట్‌ఫాం మెకానిక్ దొరివాల్ ఓడెక్కాడు.

"ముసలాయన ఏడీ?" అడిగింది జందీరా, కాఫీ అందిస్తూ.

"తీసేశారు. పైవాళ్ళని అడక్కుండా పని ఆపేశాడని."

"క్రేన్ పాడైతే ఆయనేం చేస్తాడు, పాపం!"

దొరివాల్ కాఫీ పక్కన పెట్టాడు.

"ఆ రోజు నీతో ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ మీ కెప్టెన్ రేడియో మీట మీంచి వేలు తీయలేదమ్మా. నిన్ను తిట్టిన తిట్లన్నీ పైన మా అందరికీ వినబడ్డాయి."

జందీరా ఒడ్డు చేరగానే వాల్దెసిర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. తాళం వేసి ఉంది. ఊరు వదిలి ఎటు వెళ్ళాడో పక్కింటివాళ్ళకూ తెలియదు.

ఆ ముసలాయన్ని మీరైనా గుర్తుపెట్టుకోండి. క్రేన్ మొరాయించిందని ఆయన చెప్పిన రోజు సాయంత్రమే దొరివాల్ దాన్ని నట్టు నట్టూ విప్పి చూశాడు, దానికి ఏ జబ్బూ లేదు.