ముందుకు జరిగిన సీటు

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. గొంతెత్తి చెప్పే కథ కాదిది.

"ఈ సీటు ముందుకు ఎవరు జరిపారు?" అంది టీచరమ్మ.

ఆదివారం పొద్దున్నే కొండ ఎక్కడానికి బయల్దేరుతున్నారు. టీచరమ్మ తాటిచెట్టంత మనిషి. కారులో మొగుడి పక్కన కూర్చోబోతే మోకాళ్లు ఠంగుమని ఎదుటి డాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి.

"మెకానిక్కు జరిపి ఉంటాడు," అన్నాడు మొగుడు. ప్రెస్సులో పుస్తకాలు అచ్చువేసే మనిషి. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి.

"నాన్నా, పోనీ! ఎండెక్కుతోంది!" అని వెనక సీట్లోంచి కూతురు అరిచింది. దాన్ని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలిచేవారు.

ఆ ఏడాదంతా వాళ్లింట్లో తిరుగుళ్లే. సంవత్సరం చివర చెరువులో పడవ పోటీ ఉంటుందనీ, పిల్లతో పాటు అమ్మో నాన్నో తెడ్డు వేయాలనీ, ఈత రానివాళ్లను పడవ ఎక్కనిచ్చేది లేదనీ బడివాళ్లు ముందే చెప్పారు. టీచరమ్మకు ఈత రాదు. "మా నాన్న నీళ్లలో చేప!" అని పిడుగు క్లాసంతా చాటేసింది. ఇక సెలవొస్తే చాలు, కండలు గట్టిపడాలంటూ కొండలు, గుహలు, అడవి దారులు, గుడారంలో పడకలు.

టీచరమ్మ తల్లి ఒక్కతే ఇంట్లో ఉండిపోయేది. గుండె నయమైంది, హాయిగా తిరగొచ్చని డాక్టరు చెప్పినా కూతురు వింటేగా! "నీకేమన్నా అయితే నేను బతకనమ్మా" అని గేటు దాటనిచ్చేది కాదు.

సరే, కొండ దగ్గరికి వద్దాం. అందరికీ కొత్తే అని టీచరమ్మ అనుకున్న కొండ అది. మొగుడు మాత్రం చూడకుండానే, "ఆ నల్లరాయి మీద కాలు పెట్టకు, జారుతుంది," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"రాయిని చూస్తే తెలియట్లా?"

పైన టీ కొట్టావిడ ఎదురొచ్చింది. "ఈసారి ఇంకొకరితో వచ్చారే సార్! ఈవిడకీ చక్కెర దండిగా వేయనా, ఆవిడకు వేసినట్టు?"

"ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నావమ్మా," అని మొగుడు దగ్గాడు. చెవులు దానిమ్మగింజలు.

టీచరమ్మ టీ ముట్టలేదు.

మర్నాడు స్టాఫ్‌రూములో లెక్కల టీచరుతో గోడు వెళ్లబోసుకుంది.

"గురువారం సాయంత్రమైతే చాలు, కారులో తడి తువ్వాళ్లు ఉంటున్నాయే. ఒకటి కాదు, రెండు. నాచు వాసన."

"ప్రెస్సుకు ఫోన్ చేశావా?"

"చేశాను. గురువారాలు సగం రోజు సెలవు పెడుతున్నాడట. నాతో మాత్రం ఒకటే పని, ఊపిరాడట్లేదు అంటాడు."

"నాచంటే చెరువే అయ్యుంటుంది. ముందు మీ అమ్మకు చెప్పు."

"అమ్మో! ఆ గుండె తట్టుకుంటుందా? పొద్దస్తమానం మా అల్లుడు మేలిమి బంగారం అంటుంది."

"మరేం చేస్తావు?"

"కళ్లారా చూస్తాను. నిజమని తేలిందా, పిడుగుని తీసుకుని వేరే ఊరికి బదిలీ చేయించుకుంటా. మళ్లీ ఆ మొహం చూడను."

గురువారం వచ్చింది. పిల్లను బళ్లో వదిలి, లెక్కల టీచరుకు క్లాసులు అప్పగించి, టీచరమ్మ బస్సెక్కి చెరువు దగ్గర దిగింది. గట్టు మీద వాళ్ల కారే. ముందు సీటు ముందుకే ఉంది. బానెట్ మీద రెండు టీ గ్లాసులు, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

ఆమె నీళ్ల అంచుదాకా నడిచింది.

పీకల్లోతు నీళ్లలో మొగుడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. పెళ్లాన్ని చూడగానే గుటక వేశాడు, చెరువు నీళ్లతో సహా.

"ఎక్కడ అది?"

"ఏది?"

"నా సీట్లో కూర్చుని ఊరేగుతున్నది!"

గట్టు మీది పొదలు కదిలాయి. టీచరమ్మ అటు అడుగు వేసింది.

"వద్దు, ఆగు! చెబుతాను. నాకు ఈత రాదు."

"ఏంటీ?"

"రాదు. పెళ్లికి ముందు నీ దగ్గర గొప్పలు పోయాను. పిల్ల దాన్ని పట్టుకుని బడంతా చాటింది. అది నా మొహం చూసి నవ్వితే నేను తట్టుకోలేను. అందుకే నేర్చుకుంటున్నా. ఆవిడ నేర్పుతోంది. మీ అమ్మ వయసుంటుంది."

"మరి కొండకెందుకు తీసుకెళ్లారు?"

"ఫీజు వద్దంది. నన్నూ నాలుగు చోట్లకు తిప్పు, అంతే చాలంది. మనం వెళ్లే చోటికల్లా ముందు ఆవిణ్ణి తీసుకెళ్తున్నా."

"అయితే దాక్కోవడం దేనికి?"

"ఇంట్లోవాళ్లు చూస్తే గోల చేస్తారట. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

టీచరమ్మ అతని చెవులకేసి చూసింది. మామూలుగానే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరలేదు.

"ఏదీ, ఈదండి."

ఈదాడు. బర్రె పిల్ల నయం. నాలుగు బారలు వేసి, మూడుసార్లు మునిగి, తుమ్ముకుంటూ తేలాడు. ఇంత ఘోరంగా నటించడం ఎవరివల్లా కాదు. టీచరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

పొదలకేసి తిరిగి గట్టిగా అంది: "పెద్దమ్మా, నేను బస్సులో వెళ్లిపోతున్నా, మీరు బయటికి రండి. అక్కడ పాములుంటాయి. ఎవరోగానీ మీ ఇంట్లోవాళ్లు మనుషులా, రాళ్లా? ఇంత ఓపికున్న మనిషిని నాలుగ్గోడల మధ్య కూర్చోబెడతారా?"

పొదలు ఉలకలేదు, పలకలేదు.

పడవ పోటీలో తండ్రీకూతుళ్లు ఆఖరున వచ్చారు. మునగలేదు, అదే పదివేలు. బదిలీ మాట టీచరమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇదీ కథ. గుర్తుంచుకోండి, నలుగురికీ చెప్పండి.

పొదల్లో ఉన్నది నేనేనని నా కూతురికి మాత్రం చెప్పకండి.