కోసేసిన సీను

కృష్ణపట్నంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే జడ్సన్, ఓ పాత సినిమాలో హీరోయిన్‌ని విలన్ చెరిచే సీను అసహ్యమనిపించి, ఫ్రేము ఫ్రేమూ చూసుకుంటూ దాన్ని కోసేసి, మిగతా సినిమాను నెట్‌లో పెట్టాడు. చీకటి పడ్డాక కాపీరైట్ నోటీసు వచ్చింది. అదీ తను కోసేసిన సీనుకే! కింద ఎవడో కామెంట్ పెట్టాడు: "రేప్ సీను మాత్రం భలే క్లియర్‌గా ఉందన్నా!"

జడ్సన్ వీడియో తెరిచాడు. ఆ సీను ఉంది. విలన్ చేతులు మాత్రం కదలడం లేదు. గదిలో సముద్రపు హోరు తప్ప చప్పుడు లేదు. హీరోయిన్‌గా వేసి, ఎప్పుడో చచ్చిపోయిన ఆ కావలి ఊరి నటి, చిరిగిన పైట పట్టుకుని తెరలోంచి మెల్లగా జడ్సన్ వైపు తిరిగింది.

"మళ్లీ కోస్తావా? కొయ్యాలంటే మళ్లీ చూడాల గదబ్బయా."