స్టార్ట్ కాని కారు

టార్పాలిన్ లాగగానే డ్రైవరు సీట్లోంచి ఎలుక దూకి పారిపోయింది.

స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంది. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయాయి. దాని ఎర్ర రంగు తలుపు సందుల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

"ఊరికే తీసుకుపో. బాగయ్యేదాకా షెడ్డు కూడా వాడుకో" అన్నాడు దాని యజమాని.

టార్పాలిన్ లాగినవాడు ముప్పై ఏళ్లుగా బస్సులు బాగుచేస్తున్న మెకానిక్. అలాంటి కారు మీద చెయ్యి వెయ్యాలన్నది ఎప్పటి కోరికో. కానీ ఇప్పుడు ఒప్పుకున్నది ఆ కోరికతో కాదు.

అంతకు మూడు రోజుల ముందు డాక్టరు అతని భార్య రిపోర్టులు చూసి, మళ్లీ కవర్లో పెట్టేసి, "ఏడాది అనుకోండి" అన్నాడు.

ఇంటికెళ్లి భార్యకు కారు సంగతి చెప్పాడు. "బాగుచేసి, నిన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పుతా."

ఆమె నవ్వింది. "ముప్పై ఏళ్లూ బస్సుల్లోనే తిప్పారు. ఇప్పటికి బుద్ధొచ్చింది."

భార్యను చూసుకోవడానికి ఆమె చెల్లెలు వచ్చింది. లెక్కల టీచరు. బడికి సెలవు పెట్టి, ఒక్క సూట్‌కేసుతో దిగింది. మాట తక్కువ మనిషి.

అతను డ్యూటీ దిగగానే షెడ్డుకు పోయేవాడు. ఇంజను దించాడు. తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతికించాడు. బ్రేకు పైపులు మార్చాడు. చేతిలో పని ఉన్నంతసేపూ మందుల వాసన గుర్తొచ్చేది కాదు.

ఇంటికొచ్చి భార్య గది గుమ్మంలో నిలబడితే కాళ్లు లోపలికి పడేవి కావు. పుల్లల్లా అయిపోయిన ఆ చేతుల్ని చూడలేక మంచం పక్కనున్న గ్లాసును చూసేవాడు.

"ఎంతవరకొచ్చింది?" అనేది ఆమె.

చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకరోజు క్లచ్, ఒకరోజు వైరింగు. వేరే మాటలు వెతుక్కునే బాధ ఇద్దరికీ తప్పేది.

ఏడో నెలలో ఒక సాయంత్రం తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఒక్క దగ్గు లేదు, ఒక్క వణుకు లేదు.

అతను నిలబడి కాసేపు విన్నాడు. సంతోషం రావలసిన చోట గుండెలో రాయి పడింది.

కారు అయిపోయింది. మరి రేపు సాయంత్రం ఎక్కడికి పోవాలి?

ఇంజను ఆపేశాడు. కార్బొరేటరు విప్పి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ పెట్రోలుతో కడగడం మొదలుపెట్టాడు.

"ఎంతవరకొచ్చింది?" అంది భార్య ఆ పూట కూడా.

"ఇంకా స్టార్ట్ కావడం లేదు" అన్నాడు గ్లాసు వైపు చూస్తూ.

అప్పటినుంచి రోజూ అదే వరస. స్టార్ట్ చేసేవాడు, వినేవాడు, ఆపేవాడు, ఏదో ఒకటి విప్పేవాడు.

కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అతను వచ్చే వేళకు నిద్రలో ఉండేది. మందుల మత్తు అనుకున్నాడు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు. నిజం చెప్పాలంటే, అతనికి హాయిగా ఉండేది.

తొమ్మిదో నెలలో, ప్లగ్గులు విప్పుతుండగా మరదలు ఫోన్ చేసింది. గ్రీజు చేతులతోనే పరిగెత్తాడు. వెళ్లేసరికి అంతా అయిపోయింది.

రెండు వారాలకు షెడ్డు యజమాని కబురు పెట్టాడు. చోటు కావాలట.

భార్యకు నడుం నొప్పని పక్క సీటుకు అదనంగా మెత్త వేయించి ఉంచాడు. దాని మీద పనిముట్ల పెట్టె పెట్టుకుని బయల్దేరాడు.

కారు నీళ్లమీద పడవలా సాగింది. సిగ్నల్ దగ్గర జనం తలలు తిప్పి చూశారు. అతను దొంగసొత్తు తీసుకుపోతున్నవాడిలా ముందుకే చూస్తూ నడిపాడు.

ఇంటి ముందు ఆపగానే ఎదురింటాయన వచ్చాడు. "ఆవిడ కోసం ఎంత తాపత్రయపడ్డారండీ. ఒక్క నెల ముందు పూర్తయి ఉంటేనా..."

అతను తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

మరదలు బట్టలు సర్దుకుంటోంది. రేపట్నుంచి బడి.

"ఈ ఇంజను చప్పుడు నేను ముందే విన్నాను బావా" అంది తలెత్తకుండా.

"ఎక్కడ?"

"మీ షెడ్డు దగ్గర. రెండు నెలలవుతోంది. కారు ఒక్కసారి చూసొద్దామని అక్క పట్టుబడితే టాక్సీలో తీసుకెళ్లాను. షెడ్డు తలుపు తీసే ఉంది. ఇంజను నడుస్తోంది. మీరు దాన్ని ఆపేసి స్పానర్ తీసుకున్నారు."

"ఏమంది?"

"టాక్సీ వెనక్కి తిప్పించమంది."

మరదలు చీర మడత పెట్టింది. సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది.

"ఆ రోజు నుంచి మీ అడుగుల చప్పుడు వినగానే కళ్లు మూసుకునేది. మీరు వెళ్లాక తెరిచేది. ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకే, అనేది."

మరదలి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అతనికనిపించింది.

సూట్‌కేసు మూసి, చెప్పులు వేసుకుని ఆమె వాకిట్లోకి వచ్చింది. అతను వెనకే వచ్చాడు.

"స్టేషను దాకా దింపుతాను" అన్నాడు.

మరదలు కారు వైపు చూసింది. సూట్‌కేసు ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది.

"నడుస్తాను బావా."

స్టేషను అక్కణ్ణించి నాలుగు కిలోమీటర్లు.