కోడలి పళ్ళెంలో చెంచా

కౌంట్ బిరుదున్న ప్రభువుకు మూడో భార్యగా అతని కోటలో అడుగుపెట్టిన నాటి నుంచీ జుజన్నాకు అత్తగారి ఎంగిలే గతి అయింది. ఏ వంటకం వచ్చినా అత్తగారు, ముసలి కౌంటెస్ బోర్బాలా, ముందుగా తనే కోడలి పళ్ళెంలో చెంచా పెట్టేది. రుచి చూసి, కాసేపు ఆగి, "ఇక తినమ్మా" అనేది.

కౌంట్ వేటకు వెళ్లిన పూట మాత్రం ఆమె కోడలి పళ్ళెం అసలు ముట్టేది కాదు. మొగుడి ఎదుట తనను చులకన చేయడానికే ఇదంతా అని జుజన్నా అనుమానం.

"మా నాన్న కూడా కౌంటే. ఒకరి ఎంగిలి తినడానికి నేనేమైనా దిక్కులేనిదాన్నా?" అని చివరికి భర్త దగ్గర ఏడ్చింది.

"ఇన్నాళ్లూ చెప్పవేం, పిచ్చిదానా?" అని నవ్వాడు కౌంట్.

ఆ పూట బల్ల దగ్గరే తల్లితో అన్నాడు. "అమ్మా, ఇక నుంచి నీ భోజనం నీ గదికే వస్తుంది."

బోర్బాలా లేచింది. కోడలి నుదుట ముద్దు పెట్టే నెపంతో వంగి, చెవిలో గొణిగింది.

"నీకు ముందు వాడు కట్టుకున్న ఇద్దరి పళ్ళేల్లోనూ నేను చెంచా పెట్టలేదు తల్లీ. ఇద్దరూ ఇప్పుడు చర్చి వెనకాల సమాధుల్లో ఉన్నారు."

ఆమె వెనక తలుపు మూసుకుంది. కౌంట్ తన చేత్తోనే చేపల పులుసు వడ్డించి, భార్య ముందుకు జరిపాడు.

"చల్లారిపోతోంది. తిను."